నీటిరంగుల్లో కొండలు: ఇంప్రెషనిస్టు బాట పట్టేవారికి

కొండ బొమ్మ చూడ్డానికి సులువు. బడిపిల్లలు మొదట వేసే బొమ్మల్లో అదొకటి: రెండు త్రికోణాలు, మధ్యలో సగం సూర్యుడు, కిందికి పారే ఏరు. అదే కొండను నీటిరంగుల్లో, ఇంప్రెషనిస్టుల తరహాలో వెయ్యాలని కూర్చుంటే చెయ్యి తిరిగినవాళ్లూ తడబడతారు. నాలుగు కాగితాలు పాడయ్యాక తప్పు కుంచెదనో రంగులదనో అనుకుని కొత్తవి కొంటారు. అసలు చిక్కు ఆ రెండింటిలోనూ లేదు. ఇంప్రెషనిజం తైలవర్ణాలతో పెరిగిన పద్ధతి. నీటిరంగు స్వభావం దానికి దాదాపు తలకిందులు. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదర్చాలన్నది చిత్రకారులు ఎవరికి వారు తేల్చుకుంటూ వచ్చిన ప్రశ్న. వాళ్ల జవాబులను పక్కపక్కన పెట్టి చూస్తే, ఇవాళ నేర్చుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

1874లో పారిస్‌లో, ఫోటోగ్రాఫర్ నాదార్ ఒకప్పుడు వాడిన స్టూడియోలో కొందరు చిత్రకారులు సొంతంగా ప్రదర్శన పెట్టారు. అందులో క్లోద్ మోనే వేసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్' పేరు పట్టుకుని ఒక విమర్శకుడు వెక్కిరింపుగా పెట్టిన పేరే ఇంప్రెషనిస్టులు. వాళ్లు గదులు వదిలి ఆరుబయట వెలుగులో బొమ్మలు వేశారు. అమెరికన్ చిత్రకారుడు జాన్ రాండ్ 1841లో పేటెంటు పొందిన తగరపు ట్యూబులు లేకపోతే తైలవర్ణాలు మోసుకుని పొలాల్లోకి వెళ్లడం అంత తేలికయ్యేది కాదు. తైలవర్ణంలో ముదురు రంగు మీద లేత రంగు నిశ్చింతగా పెట్టవచ్చు. గీకేసి మళ్లీ వెయ్యవచ్చు. 1895లో మోనే నార్వే వెళ్లి కోల్సాస్ అనే కొండను మంచులో, మారే వెలుతురులో మళ్లీ మళ్లీ చిత్రించాడు. ఆ మంచు మెరుపుకి కావలసిన తెల్లరంగు అతని పాలెట్ మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంది.

నీటిరంగులో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ వెలుగంటే కాగితం తెలుపే. పారదర్శకమైన రంగుపొర గుండా వెళ్లిన కాంతి కాగితాన్ని తాకి తిరిగి కంటికి వస్తుంది. ఆ తెలుపును ఒకసారి కప్పేస్తే పూర్తిగా తిరిగి రాదు. అందుకే మంచుకొండ వేసేటప్పుడు తైలవర్ణ చిత్రకారుడికి చివరి పని అయిన మంచు, నీటిరంగు చిత్రకారుడికి మొట్టమొదటి నిర్ణయం అవుతుంది. బొమ్మ మొదలుకాకముందే ఏది ముట్టుకోకూడదో తెలిసి ఉండాలి. అప్పటికప్పుడు, తోచినట్టు, క్షణంలో వేసినట్టు కనిపించే బొమ్మ వెనక ఇంత ముందుచూపు అవసరం కావడమే ఈ విద్యలోని కష్టం. నేర్పేవాళ్లు ఎక్కువగా దాటేసే విషయం కూడా ఇదే. కుంచె విసరడం, రంగు చిలకరించడం, ఉప్పు చల్లడం లాంటి చిట్కాలు ముందు వచ్చేస్తాయి, నిర్ణయం సంగతి వెనకబడుతుంది.

ఇంప్రెషనిస్టులు పుట్టకముందే ఈ చిక్కుని ఒక దారిన విప్పినవాడు ఇంగ్లండుకు చెందిన టర్నర్. 1840ల్లో అతను స్విట్జర్లాండ్ చుట్టి వచ్చి, లూసెర్న్ సరస్సు ఒడ్డునున్న రీగీ పర్వతాన్ని వేర్వేరు వేళల్లో చిత్రించాడు. 1842 నాటి 'బ్లూ రీగీ' తెల్లవారుజాము వెలుగులో కొండ. దాన్ని దేశం దాటిపోకుండా కాపాడటానికి 2007లో టేట్ గ్యాలరీ విరాళాలు పోగుచేసి, 49.5 లక్షల పౌండ్లకు కొన్నది. ఈ బొమ్మలో గమనించవలసింది కొండ మీది వివరాలు కావు, అవి చాలా తక్కువ. పలచని నీలి పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని కొండ బరువు తెలుస్తుంది. తడిపి, పరిచి, పీల్చి, గీకి వెలుగు రాబట్టడంలో టర్నర్ దేనికీ వెనుదీయలేదు. వెలుగు కోసం కాగితాన్ని గోటితో గీకేవాడని చూసినవాళ్లు చెప్పారు. 1870-71 ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధకాలంలో లండన్‌లో తలదాచుకున్న మోనే, అతని తోటి ఇంప్రెషనిస్టు పిస్సారో టర్నర్ బొమ్మలు చూశారు. ఆ ప్రభావం ఎంతన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. ఒకటి మాత్రం స్పష్టం: పొగమంచును నీటితోనే పట్టుకోవచ్చని టర్నర్ అప్పటికే చూపించేశాడు.

రెండో దారి సెజాన్‌ది. నేర్చుకునేవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసేది ఇదే. మొదటి ఇంప్రెషనిస్టు ప్రదర్శనలో పాల్గొన్న సెజాన్, తర్వాత సొంత ఊరు ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ చేరి, ఊరికి తూర్పున కనిపించే సెంట్-విక్టువార్ పర్వతాన్ని జీవితాంతం వదల్లేదు. ఎత్తు 1,011 మీటర్లే. అయినా ముప్పైకి పైగా తైలవర్ణాలు, పదుల సంఖ్యలో నీటిరంగులు దాని కోసమే వెచ్చించాడు. 1902 నుంచి 1906లో చనిపోయేదాకా, లే లోవ్ కొండమీద కట్టుకున్న స్టూడియో దగ్గర్నుంచి వేసిన నీటిరంగు చిత్రాల్లో సగానికి సగం కాగితం ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీలోనే ఎండ ఉంది.

అతను పని చేస్తుండగా చూసిన చిత్రకారుడు ఎమీల్ బెర్నార్ ఆ పద్ధతిని రాసిపెట్టాడు. సెజాన్ నీడ దగ్గర మొదలుపెట్టేవాడు. ఒక చిన్న రంగుమచ్చ, దాన్ని దాటి కాస్త పెద్ద మచ్చ, దాన్నీ దాటి మరొకటి. ఒక్కో మచ్చా తెరలా కిందిది కనిపించనిస్తూ కొండ ఆకారాన్ని మలుస్తుంది. ఇందులో రహస్యం ఓపిక. ముందు పొర బొత్తిగా ఆరితే గానీ తర్వాతిది పెట్టకూడదు. ఆరకముందే పెడితే రెండూ కలిసి బురద అవుతాయి, ఆరాక పెడితే రెండు నీలాలూ విడివిడిగా కనిపిస్తాయి. పెన్సిల్ గీతలు కూడా అతను చెరపలేదు. గీత ఒక పక్క, రంగు మరో పక్క ఉంటాయి, కొండ అంచు ఆ రెంటి మధ్యా ఎక్కడో తేలుతుంది. పక్కాగా గీసి లోపల రంగు నింపే అలవాటు నుంచి బయటపడాలనుకునేవాళ్లు ఇలాంటి ఒక్క బొమ్మ ముద్రణ ముందుపెట్టుకుని ఓ నెల గడిపితే చాలు.

మూడోవాడు జాన్ సింగర్ సార్జెంట్. మోనే స్నేహితుడు, మోనే అడవి అంచున బొమ్మ వేస్తుండగా ఆ దృశ్యాన్నే చిత్రించినవాడు. చిత్తరువులు వేసి పేరు, డబ్బు సంపాదించాక వాటితో విసిగి, వేసవుల్లో ఆల్ప్స్‌కి వెళ్లి నీటిరంగులు వేశాడు. 1909-11 మధ్య సింప్లాన్ కనుమ దగ్గర వేసిన చిత్రాలు పొందికలోనూ వేగంలోనూ అబ్బురపరుస్తాయి. బ్రూక్లిన్ మ్యూజియం 1909లో ఒకేసారి అతని 83 నీటిరంగులు, బోస్టన్ మ్యూజియం 1912లో 45 కొనుక్కున్నాయి. సార్జెంట్ నీటిరంగుల ఆచారాలకు కట్టుబడినవాడు కాదు. నీళ్లు అంటకూడదనుకున్న చోట మైనం రుద్దాడు. అవసరమైతే చిక్కటి తెలుపూ వాడాడు. పారదర్శకమైన రంగు తప్ప మరొకటి ముట్టకూడదని పట్టుబట్టే గురువులు కొందరున్నారు. ఆ నియమం మొదటి రెండేళ్లు పాటించడం మంచిదే, ఎందుకంటే తెల్లరంగు చేతికందితే తెలుపు వదలడం ఎవరూ నేర్చుకోరు. ఆ తర్వాత కూడా దాన్ని మడి కట్టుకోవలసిన అవసరం లేదు. టర్నర్, సార్జెంట్ ఇద్దరూ ఆ నియమం పాటించలేదు.

ముగ్గురిలోనూ ఉమ్మడిగా ఉన్నది గాలి మీద శ్రద్ధ. దూరపు కొండ నీలంగా ఎందుకుంటుందో తెలిస్తే సగం రంగులు వాటంతటవే కుదురుతాయి. గాలిలోని అణువులు నీలి కాంతిని ఎరుపుకన్నా ఎక్కువగా చెదరగొడతాయి. మనకూ కొండకూ మధ్య ఎంత గాలి ఉంటే అంత నీలి వెలుగు కొండ నీడల మీద పరుచుకుంటుంది. అందుకే దూరం పెరిగేకొద్దీ నల్లటి నీడ నీలమై, నీలం లేతబడి, చివరికి ఆకాశంలో కలుస్తుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. దూరాన ఉన్న మంచు మాత్రం నీలంగా మారదు. దాని మీంచి వచ్చే తెల్లటి కాంతిలో నీలి భాగం దారిలోనే చెదిరిపోతుంది కనుక, కొంచెం పసుపు, కొంచెం గులాబీ మిగులుతాయి. దూరపు శిఖరం మీద మంచుకు నీలం పూసి, దగ్గరి మంచును తెల్లగా వదిలేసేవాళ్లు సరిగ్గా తలకిందులు చేస్తున్నట్టు. ఎండలో ఉన్న దగ్గరి మంచు నీడకే గాఢమైన నీలం కావాలి. దానిమీద పడేది ఆకాశపు వెలుగు కనుక.

తూర్పు కనుమల్లో ఈ లెక్క కొంచెం మారుతుంది. శీతకాలం ఉదయం లంబసింగిలోనో అరకు లోయలోనో ఉండే పొగమంచు నీటి తుంపరలతో అయినది. ఆ తుంపరలు కాంతి తరంగాలకన్నా చాలా పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. అక్కడి దూరం నీలంగా కాక, తెల్లగా, బూడిదగా ఉంటుంది. ఆల్ప్స్ బొమ్మలు చూసి నేర్చుకున్న నీలాన్ని తెచ్చి అరకు కొండల మీద పోస్తే బొమ్మ అందంగానే ఉండవచ్చు గానీ అది అరకు కాదు. అక్కడ కావలసింది అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపి తీసిన పలచని బూడిద. ఆ రెండింటి పాళ్లు అటూ ఇటూ జరిపితే చల్లని బూడిద నుంచి వెచ్చని బూడిద దాకా అన్నీ ఒకే గిన్నెలో దొరుకుతాయి. అల్ట్రామెరీన్ రేణువులు కాగితపు గుంటల్లో దిగి నిలవడంతో పూతకు గరుకుదనం కూడా వస్తుంది. నల్లరంగు ట్యూబుతో పని పడదు.

నీళ్ల పాళ్ల విషయంలో మెల్‌బోర్న్ చిత్రకారుడు జోసెఫ్ జ్బుక్‌విచ్ చెప్పే కొలత తెలుగిళ్లలో ఇట్టే అర్థమవుతుంది: టీ, కాఫీ, పాలు, మీగడ, వెన్న. ఆకాశం టీ అంత పలచన, దూరపు కొండ కాఫీ, నడిమి కొండ పాలు, ముందున్న చెట్లు మీగడ, చివరి ముదురు చుక్కలు వెన్న. రంగు పేరు కన్నా ఈ చిక్కదనమే బొమ్మలో దూరాన్ని తెస్తుంది. పైగా నీటిరంగు ఆరాక ఒక మెట్టు పలచబడుతుంది. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కనిపించిందంటే, ఆరాక వెలిసిపోయినట్టే. కాస్త ఎక్కువైందేమో అనిపించినంత గాఢంగా వెయ్యగలిగే ధైర్యం అభ్యాసంతోనే వస్తుంది.

పొగమంచులో కొండవరస వేసే తీరును దగ్గర్నుంచి చూద్దాం. కాగితం మీద ముందుగా రా సియెన్నా కలిపిన పలచని నీళ్లు పరిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరిందో లేదో చూపుకి తెలియదు. చేతి వెనకవైపు ఆనించి చూస్తే, తడి ఉన్న కాగితం చల్లగా తగులుతుంది. ఆరాక పెద్ద గుండ్రటి కుంచెను కాఫీ చిక్కదనపు నీలిబూడిదలో నిండా ముంచి, కొండ పై అంచును ఒక్క ఊపులో లాగాలి. పొడి కాగితం మీద పడింది కనుక ఆ అంచు కత్తిలా నిలుస్తుంది. కుంచెలోని రంగు కిందికి జారి, కొండ పాదం దగ్గర ఒక చిన్న కట్టలా నిలబడుతుంది. ఇప్పుడు మరో కుంచెను నీటిలో ముంచి, గుడ్డకద్ది, ఆ కట్టకు కాస్త కింద పొడి కాగితం మీద ఒక తడి గీత లాగి, పైకి తీసుకెళ్లి రంగుకు అలా తాకించాలి. రంగు తనంతట తానే తడిలోకి దిగి కరిగిపోతుంది. కొండ పైన నిలిచి, కింద మాయమవుతుంది. రెండో కుంచెలో నీళ్లు మొదటి పూతలోకన్నా ఎక్కువుంటే మాత్రం నీళ్లు పైకి ఎగదన్ని రంగును నెట్టేస్తాయి. ఆరాక అక్కడ కాలీఫ్లవర్ ఆకారపు మరక మిగులుతుంది. కాగితం మీది నిగనిగ తగ్గి మెత్తని మెరుపు మిగిలిన ఆ ఒకటి రెండు నిమిషాలే అంచు కరిగించడానికి తగిన సమయం. మెరుపు పోయి తడి మాత్రం మిగిలిన దశలో ఏదీ ముట్టుకోకూడదు. ఇదే పని మూడు వరసలకు, ఒక్కోసారి ఒక మెట్టు చిక్కగా చేస్తే లోయ వచ్చేస్తుంది. కుంచె పని అంటే ఇదే, మిగతాదంతా దీని మీద కట్టుకునేదే.

కాగితం సంగతికి వస్తే, డబ్బు పెట్టవలసింది ఇక్కడే. రంగుల్లో కామ్లిన్ విద్యార్థి ట్యూబులతో చాలాకాలం నెట్టుకురావచ్చు. కాగితంలో రాజీ పడితే పైన చెప్పిన అంచు ఎంత సాధన చేసినా రాదు. చెక్కగుజ్జు కాగితం నీటిని నిలుపుకోదు, మచ్చలు కడుతుంది. నూటికి నూరుపాళ్లు దూదితో చేసిన, చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న కాగితం కావాలి. 15వ శతాబ్దంలో మొదలైన ఫ్రెంచి మిల్లు పేరుతో వచ్చే ఆర్ష్ కాగితం ఇందులో ప్రసిద్ధం. ఇప్పుడు మన దేశంలోనూ దూది కాగితం దొరుకుతోంది. పెద్ద షీటు కొని నాలుగుగా, ఎనిమిదిగా చింపుకుంటే ఖర్చు తట్టుకోవచ్చు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. ఉక్కపోతలో నిల్వ ఉన్న కాగితానికి పూసిన జిగురు పాడై, రంగు అద్దుడు కాగితంలోలా ఇంకిపోతుంది. ప్లాస్టిక్ కవరులో సిలికా జెల్ పొట్లం వేసి దాచుకోవడం తప్పనిసరి. రంగుల్లో ఒక్క జాగ్రత్త చాలు: అలిజరిన్ క్రిమ్సన్ వెలుతురుకి వెలిసిపోతుంది. సాయంత్రపు కొండల గులాబీకి క్వినాక్రిడోన్ రకం ఎరుపు మేలు.

ఎవరి దగ్గర, ఎలా నేర్చుకోవాలన్నదానికి తెలుగునాట ఒక మంచి ఉదాహరణ ఉంది. గత శతాబ్దం మొదట్లో రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. కుర్రవాళ్లయిన దామెర్ల రామారావులోనూ అడివి బాపిరాజులోనూ ప్రతిభ కనిపెట్టి, వాళ్లను ప్రోత్సహించింది ఆయనే. రామారావు బొంబాయి జె.జె. స్కూలులో చదివి వచ్చి, 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, 1925లో 28వ ఏట మశూచితో పోయాడు. అదేకాలంలో మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటర్జీ బెంగాల్ వాష్ పద్ధతి నేర్పారు. బాపిరాజు ఆయన శిష్యుడే. ఆ వాష్‌లో కాగితాన్ని మళ్లీ మళ్లీ నీటిలో ముంచి పొరలు వేస్తారు, మబ్బు పట్టిన మెత్తదనం వస్తుంది. ఇంప్రెషనిస్టు మెత్తదనంతో దీన్ని కలిపేసుకోవడం తరచూ జరిగే పొరపాటు. ఒకటి మనోభావం నుంచి పుట్టింది, మరొకటి ఫలానా రోజు, ఫలానా వేళ వెలుగు నుంచి. రెండూ గొప్పవే గానీ ఒకదాని పద్ధతితో మరొకటి రాదు. కొండల విషయంలో తుమ్మపూడి సంజీవదేవ్‌నీ తలచుకోవాలి. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ సన్నిధిలో గడిపి, హిమాలయాల గురించి రాసి, ప్రకృతి దృశ్యాలు చిత్రించినవాడు. కొండను చూడటం ఎలాగో తెలుగులో చదవాలనుకునేవాళ్లకు ఆయన వ్యాసాలు ఉన్నాయి.

గొప్పవాళ్ల బొమ్మలకు నకళ్లు వెయ్యవచ్చా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. తప్పకుండా వెయ్యాలి. టర్నర్ తన కుర్రతనంలో డాక్టర్ మన్రో ఇంట్లో, మిత్రుడు గర్టిన్‌తో కలిసి జాన్ రాబర్ట్ కోజెన్స్ బొమ్మలకు నకళ్లు వేస్తూ గడిపాడు. 1802లో ఆల్ప్స్ చూసేనాటికి అతని చేతికి కొండలు కొత్త కాదు. అయితే నకలు వేసేటప్పుడు ఫలితాన్ని కాక క్రమాన్ని పట్టుకోవాలి. ఏ పొర ముందు పడింది, ఏ తెలుపు వదిలారు, ఏ అంచు కరిగింది అని వెతకాలి. వీడియోల్లో అరగంటలో కొండ పూర్తిచేసి చూపే పాఠాల లోపం ఇక్కడే ఉంది. ఏం వెయ్యాలో చూపిస్తాయి, ఎందుకు అక్కడ ఆగారో చెప్పవు. పుణె చిత్రకారుడు మిలింద్ ములిక్ పుస్తకాలు ఈ విషయంలో మెరుగు, మన దేశపు ఎండలో పని చేసిన చెయ్యి వాటిలో కనిపిస్తుంది.

ఫోన్ ఫోటో చూసి వేసేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఇప్పటి ఫోన్లు నీడల్ని తేటపరిచి, దూరపు అంచుల్ని పదును పెట్టి, పొగమంచును వీలైనంత తుడిచేస్తాయి. అంటే చిత్రకారుడికి కావలసిన సమాచారాన్నే తీసేస్తాయి. ఫోటో కన్నా అగ్గిపెట్టెంత పెన్సిల్ స్కెచ్ నయం. మూడే టోన్లు, కాగితం తెలుపు, నడిమి బూడిద, ముదురు. ఆ సైజులో కొండ నిలబడకపోతే పెద్ద షీటు మీదా నిలబడదు. జాన్ రస్కిన్ 1857లో రాసిన 'ఎలిమెంట్స్ ఆఫ్ డ్రాయింగ్'లో ఒక ఉపాయం ఉంది, నేటికీ దాన్ని మించింది లేదు. తెల్ల అట్టకు చిన్న రంధ్రం చేసి, దాని గుండా కొండలో ఒక్క చోటు మాత్రమే చూడాలి. ఆకుపచ్చ అనుకున్నది ఊదాబూడిద అని, నలుపు అనుకున్నది నీలమని అప్పుడు తెలుస్తుంది. అలవాటు చెప్పే రంగును పక్కన పెట్టి కన్ను చూసే రంగును నమ్మడం ఇంప్రెషనిస్టుల మూల సూత్రం. ఆ అట్టముక్క దాన్ని చేతిలో పెడుతుంది.

ఆరుబయట కూర్చుంటే వెలుగు గంట కూడా నిలవదు. కాబట్టి ముందు నీడల ఆకారాలు పట్టుకుని, ఎండ జరిగినా వాటిని మార్చకుండా ఉండాలి. సూర్యుడి వెంట పరిగెత్తి నీడలు దిద్దుతూ పోతే, కొండకు రెండు పక్కలా ఎండ పడిన బొమ్మ తయారవుతుంది. వాతావరణాన్ని బట్టి పద్ధతీ మార్చుకోవాలి. లంబసింగి చలిలో కాగితం ఆరడానికి ఎంతసేపైనా పడుతుంది. అక్కడ పొరల మీద పొరలు అనే సెజాన్ పద్ధతి నడవదు, తడి మీద తడి వేసే టర్నర్ దారే పట్టాలి, లేదా రెండు మూడు చిన్న కాగితాలు పెట్టుకుని ఒకటి ఆరుతుండగా మరొకటి వెయ్యాలి. హైదరాబాదు చుట్టుపక్కల గుట్టల మీద ఏప్రిల్‌లో ఇందుకు పూర్తిగా ఎదురు: కుంచె చివరికి చేరేలోగా మొదలు ఆరిపోతుంది. కాగితం వెనకవైపు కూడా తడిపి, గాజుపలక మీదో ప్లాస్టిక్ అట్ట మీదో అంటించుకుంటే కొంత వ్యవధి దొరుకుతుంది. లేకపోతే ఆ ఆరుదలనే వాడుకోవచ్చు. గరుకు కాగితం మీద కుంచెను పడుకోబెట్టి సర్రున లాగితే రంగు కాగితపు మిట్టల మీద పడి గుంటలు తెల్లగా మిగులుతాయి. గ్రానైటు బండ మీది మధ్యాహ్నపు ఎండకు అంతకన్నా దగ్గరి దారి లేదు. ఒక్క లాగుడుతో వదిలెయ్యాలి, రెండోసారి రుద్దితే ఆ తెలుపు పోతుంది.